మామిడి గిన్నె ఎందుకు ఊడింది

మొన్న మా అమ్మాయి వాళ్ళ వంటింట్లో నీళ్ళ ఫిల్టరు బిగించడానికి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, చెవి మీద పెన్సిలు, పెదాల మధ్య రెండు స్క్రూలు. డ్రిల్లింగ్ మిషను తీసి, దాని మూతిలో సూది పెట్టి, చిన్న తాళంచెవి లాంటి దానితో బిగించాడు. ఒక వైపు బిగించి ఊరుకోలేదు. మూతి చుట్టూ ఉన్న మూడు రంధ్రాల్లోనూ ఆ చెవిని పెట్టి, ఒక్కోచోట కొంచెం కొంచెంగా తిప్పాడు. కటుక్, కటుక్, కటుక్. హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు ఆ చప్పుడుతోపాటే పచ్చి మామిడిచెక్క వాసన వచ్చినట్టయింది. ‘చెవి బయటికి తీసినారా?’ అని అడగబోయి ఆపుకున్నాను. ఆయన తీసి జేబులో వేసుకున్నాడు కూడా. అప్పుడే మా వియ్యపురాలు గుర్తొచ్చింది. గుర్తు చేసుకోవడానికి ఆవిడ ఎక్కడో లేదు, వెనక గదిలో మనవరాలికి జడ వేస్తోంది. నాకు గుర్తొచ్చింది ఈవిడ కాదు, నాలుగేళ్ళ కిందటి ఆవిడ.

మాది నంద్యాల వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, సాఫ్ట్‌వేరు టెస్టింగులో తల నెరిపించుకున్నాను. మా అల్లుడు వాళ్ళది పుప్పాలగూడే, తరతరాలుగా. వరస ప్రకారం అల్లుడి తల్లి నాకు అక్కో చెల్లెలో కావాలి. ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా పెళ్ళినాడే నన్ను ‘అన్నా’ అని మొదలుపెట్టింది. నేను మర్యాదకు ‘అక్కా’ అన్నాను. ఇద్దరమూ పట్టు విడవలేదు కాబట్టి మా ఇద్దరిలో చిన్నవాళ్ళెవరూ లేకుండా పోయారు. అప్పగింతలు అవుతుండగా, అందరూ కళ్ళు తుడుచుకుంటున్న సమయంలో, ఆవిడ నా పక్కన కూర్చుని, “టెస్టింగంటే ఏం జేస్తరన్నా?” అని అడిగింది. ఎదుటివాళ్ళ పనిలో తప్పులు వెతుకుతామని చెప్పాను. కాసేపు ఆలోచించి, “మరి మీ తప్పులు ఎవరు ఎతుకుతరు?” అంది.

ఆవిడకు ఏ వస్తువు కనబడినా లోపల ఏముందో చూడాలి. భర్త పోయాక, కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్ళిపోయాక, తొమ్మిదో అంతస్తు ఫ్లాట్లో ఆవిడకు మిక్సీ, కుక్కరు, గీజరు తోడు. కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి పోతోందంటే రబ్బరు మార్చమని ఎవరినీ అడగదు. మూత అంచుకు తడిపిన బియ్యప్పిండి రాసి, మూసి తీసి, పిండి ఎక్కడ అంటిందో ఎక్కడ అంటలేదో చూసి, గిన్నె అంచు సొట్టను చిన్న సుత్తితో సరిచేస్తుంది. చేతులు కొంచెం వణికేవి. టీ కప్పు తెస్తే సాసరు సన్నగా మోగుతూ వచ్చేది. ఆ మోతను ఇంట్లో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఆవిడతో సహా.

నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు శాలువాతోపాటు ఒక కవరు ఇచ్చారు. నానక్‌రామ్‌గూడలో అద్దాల భవనాల వెనక ఒక షెడ్డు ఉంది. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు ఆదివారం పూట వచ్చి చెక్కపని నేర్చుకునే చోటు. అక్కడ చెక్కను గిరగిరా తిప్పుతూ గుండ్రంగా చెక్కే లేత్ మిషను మీద ఆరు ఆదివారాల పాఠాలు, ఇద్దరికి. మా ఆవిడ కవరులో కాగితం చదివి, “నాకు దుమ్ము పడదు, మీకు పని పడదు. ఇంకెవరినన్నా చూసుకోండి,” అంది. విషయం విన్న మా వియ్యపురాలు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. “నేనస్తనన్నా. అది కరెంటు మీద తిరుగుతదని నాకెర్కే. గంత జోరుగ తిరిగేదాన్ని ఏది పట్టుకుంటదో అది చూడాలె,” అంది. చీర కుచ్చిళ్ళు మిషన్లో పడతాయని భయపడ్డాను. ఆవిడ మొదటి ఆదివారమే కోడలి పంజాబీ డ్రెస్సు వేసుకుని, కొప్పు బిగించుకుని, షేర్ ఆటోలో నాకంటే ముందు వచ్చి కూర్చుంది.

మాస్టరు ఖాజాగూడ మనిషి, వడ్రంగుల ఇంటివాడు. వాళ్ళ తాత మంచం కోళ్ళకు తరిమెన పట్టేవాడట. అంటే లేత్ పనే, కరెంటు లేకుండా, తాడు లాగి తిప్పేది. ఆయన మాకు మొదటి రోజు ఉలి ఇవ్వనే లేదు. “కోసుడు పది దినాల్ల వస్తది. పట్టుడు ముందుగాల రావాలె,” అన్నాడు. అప్పడాల కర్ర లాంటి పొడుగు పనికి చిక్కు లేదు, రెండు చివర్లా రెండు మొనలు గుచ్చి మధ్యలో తిప్పుకోవచ్చు. గిన్నె అలా కుదరదు. దాని నోరు తెరిచి ఉంటేనే లోపల తొలవగలం కాబట్టి ఒక వైపు నుంచే పట్టుకోవాలి. ముందు దిమ్మకు ఒక ఇనపపళ్ళెం స్క్రూలతో బిగించి బయటివైపు గుండ్రం చేస్తారు. అలా చేస్తున్నప్పుడే గిన్నె అడుగున ఒక పొట్టి గుండ్రటి దిమ్మెను మిగుల్చుకుంటారు. దాన్ని మాస్టరు కుసి అనేవాడు. తర్వాత గిన్నెను తిరగేసి, ఆ కుసిని చక్ అనే పిడికిలికి అందిస్తే, దాని నాలుగు ఇనపదవడలు గట్టిగా కరిచి పట్టుకుంటాయి. మిషను వేసేముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. చక్ బిగించిన చెవిని తీసేయాలి. తిరిగే గిన్నెకు ఎదురుగా కాక పక్కగా నిలబడాలి. మా వియ్యపురాలు ఇవన్నీ విని, “మరి వదిలిపెట్టేటిది ఎప్పుడు?” అని అడిగింది. “మనం తప్పు జేసినప్పుడమ్మా,” అన్నాడు మాస్టరు.

నాలుగో ఆదివారం మా ఇద్దరికీ కలిపి ఒక మామిడి దిమ్మ ఇచ్చాడు. చెక్కే కొద్దీ పసుప్పచ్చని పొట్టు రిబ్బన్లలా లేచి మా చేతుల మీద పడేది. ఆవిడ చేతులు వణుకుతాయని నేను లోపల్లోపల భయపడ్డాను గానీ, ఉలిని మిషను ముందున్న ఇనపకడ్డీ మీద ఆనించగానే వణుకు చాలావరకు ఆగిపోయింది. బయటివైపంతా ఆవిడే చేసింది. భుజాలు నొప్పెడుతున్నాయని కుసి చెక్కే పని నాకిచ్చి కూర్చుంది. కుసి పొడుగు దవడల లోతుకంటే తక్కువ ఉండాలని మాస్టరు చెప్పాడు, నేను విన్నాను కూడా. అయినా చేతిలో ఉలి ఉన్నప్పుడు నాకు వేరే తెలివి పుట్టింది. ఎంత పొడుగుంటే అంత పట్టు కదా అనుకుని రెండు నూళ్ళు, అంటే పావంగుళం, ఎక్కువే ఉంచాను. మాస్టరు అవతల ఇంకొకరితో ఉన్నాడు. ఆవిడ లేచి వచ్చి, “ఒకపారి ఆయనకు చూపిద్దామా అన్నా?” అంది. “నేను చూసినా కదక్కా, బాగుండాది,” అన్నాను.

ఐదో ఆదివారం గిన్నెను తిరగేసి చక్‌లో బిగించాము. ఆవిడ ముఖానికి అడ్డు తొడుక్కుని లోపల తొలవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు బాగానే సాగింది. తర్వాత టక్కున ఒక చప్పుడయింది. గిన్నె చక్‌లోంచి ఊడి, ఆవిడ ఎడమ మణికట్టుకు తగిలి, గోడ దాకా దొర్లిపోయింది. మాస్టరు పరుగున వచ్చి మిషను ఆపాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. మొదటి మాట మాత్రం, “ఎట్ల ఊడింది?” అన్నదే. ఆవిడను పట్టుకుని లేపుతూ నేను గిన్నె వైపు చూశాను. కుసి చివర గుండ్రంగా నలిగి మెరుస్తోంది. దవడల మీద కూర్చోవలసిన గిన్నె అడుగు చుట్టూ ఒక్క గీత కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు తప్పులు వెతికిన కళ్ళు. చూడగానే తెలిసిపోయింది.

దవాఖానలో ఎముక సన్నగా చిట్లిందని కట్టు కట్టారు. అల్లుడు ఆఫీసు ఫోను చెవికి పెట్టుకునే వచ్చాడు. తల్లి చెయ్యి చూసి ఫోను ఆపేశాడు. “చేతులు వణుకుతయని ఎర్కుండి గా మిషన్ ఎందుకే అమ్మా?” అని, నా వైపు తిరిగి, “మామా, మీరన్న జర చెప్పొచ్చు గదా,” అన్నాడు. “నిజమే బాబూ,” అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఆడపిల్ల తండ్రిని, వియ్యపురాలి ఎముక విరగ్గొట్టానని ఎలా చెప్పను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గిన్నెను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి బీరువా పైన పెట్టాను.

రెండు రోజులకోసారి బత్తాయిలు పట్టుకుని చూడటానికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు ఆవిడ కుడిచెయ్యి ఎదురుగా చాపి, దాన్నే చూస్తూ, “నా చేతులే అంటవా అన్నా?” అని అడిగింది. “వయసు కదక్కా,” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత మామూలుగా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడో వారంలో మా అమ్మాయి ఫోను చేసి, “అత్తమ్మకు ఏమైందో నాన్నా. మిక్సీ ఆగిపోతే మనిషిని పిలిపించమన్నారు. టీ కూడా నన్నే పోయమంటున్నారు, ఒలుకుతుందట,” అంది. బాగున్న కుడిచేతిని కూడా ఆవిడ ఒడిలోంచి తీయడం లేదట. ఆ సాయంత్రం బీరువా పైనుంచి గిన్నె దించాను. నోటితో చెప్పే ధైర్యం అప్పటికీ రాలేదు. ఆవిడ కట్టు విప్పించుకుని వచ్చిన మర్నాడు వెళ్ళి, గిన్నెను ఆవిడ ముందు పెట్టి, “ఒకసారి చూడక్కా,” అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తెచ్చుకుని, గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. “ఇంట్ల గాదు. మిషన్ కాడికి పోదాం పా,” అంది.

షెడ్డులో గోడకు దేవుడి పటం, దాని ముందు చిన్న కుంకుమ డబ్బా ఉన్నాయి. ఆవిడ మాస్టరును అడిగి కాస్త కుంకుమ తీసుకుని, మిషనుకు వేసే నూనె చుక్కతో కలిపి, చక్ దవడల ముఖానికీ, చక్ లోపలి అడుగుకూ వేలితో రాసింది. “కుక్కర్ మూతకు పిండి రాస్త గదా, గట్లనే,” అంది. మాస్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. గిన్నెను పెట్టించి, బిగించి, మళ్ళీ విప్పించింది. దవడల మీద ఆనవలసిన గిన్నె అడుగు చుట్టూ శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క అంటలేదు. కుసి కొన మాత్రం ఎర్రగా, రూపాయి బిళ్ళంత. గిన్నె దవడల మీద కూర్చోనే లేదు. పీట కాళ్ళు నేలకు ఆనకుండా నడుమ ఒక రాయి మీద నిలబడినట్టు, కుసి కొన మీద నిలబడి తిరిగింది. ఉలి లోతుకు పోయి కాస్త పట్టేసరికి ఊగి ఊడిపోయింది.

“కుసి పొడుగైంది. గిది ఎవరు చెక్కిన్రు?” అన్నాడు మాస్టరు.

“నేనే చెక్కినా,” అన్నాను. “పొడుగుంటే గట్టిగా పట్టుకుంటాదనుకుంటి. ఊడిన రోజే నాకు తెలిసిపోయె అక్కా. చెప్పలేకపోతి.”

తిడుతుందనుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. కుంకుమ అంటిన కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకుంది. ఎప్పటిలాగే సన్నగా వణుకుతోంది. “అయితే ఇది గాదన్నట్టు,” అంది తనలో తాను. గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాక నాతో, “కుసి పొడుగు జేసుడు ఎవరికైనా అయితది. పిలగానికి మాత్రం నువ్వే చెప్పాలె అన్నా. నేను చెప్ప,” అంది. తర్వాత కుసి కొనను కోసి పొట్టి చేసే పని నాకే ఇచ్చింది. నేను రంపం అందుకున్నాను. రెండు కోతలకే ఆపింది. “జర ఆగు. నీ చేతులు వణుకుతున్నయి.”

ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడికి చెప్పాను. సగం ముద్ద చేతిలో ఉండగానే ఆగి, “మరి గా దినం దవాఖానల ఎందుకు చెప్పలేదు మామా?” అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగినట్టే. మా అమ్మాయి నా కంచంలో పెరుగు వేసింది, నా ముఖం మాత్రం చూడలేదు. వారం పది రోజులు ఫోను కూడా చేయలేదు. అల్లుడు తల్లిని మళ్ళీ వద్దనలేదు. ఆ తర్వాతి ఆదివారం తానే కారులో దింపి, చక్‌ను అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళాడు. నాతో మర్యాదలో ఏ లోటూ చేయలేదు. కాకపోతే చాలా నెలలపాటు నేను ఏది చెప్పినా, ఊ అనేముందు ఒక క్షణం ఎక్కువ తీసుకునేవాడు. ఆ క్షణం ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఆగిపోయిందని మాత్రం ఒకరోజు గమనించాను.

గిన్నె పూర్తయింది. ఒక పక్క మందం, ఒక పక్క పలచన, అడుగున మాత్రం గట్టి. ఆవిడ అందులో కుక్కరు విజిళ్ళు, పాత రబ్బర్లు వేసుకుంటుంది. ఇప్పటికీ ఆదివారాలు షెడ్డుకు పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు గిన్నె తిరగేసి బిగించగానే ఆగమని చెప్పి, అడుగు ఆనిందో లేదో గోరు పెట్టి చూస్తుందట. నేను మిషను దగ్గరికి ఎప్పుడో గానీ పోను.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ వారం ఏం చేశానో చెప్పమంటే చెప్పలేను, అన్నీ కలిసి ఒకే ముద్దయిపోయాయి. నోరు తెరవని ఆ మూడు వారాలు మాత్రం ఏ రోజుకారోజు విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఏళ్ళు ఎన్ని వచ్చి మీద పడుతున్నా అవి ఒకదానిలో ఒకటి కలవడం లేదు.