పండబెట్టిన పటం

పటం కథ చెప్పేవాళ్ల గుడ్డ మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉంటుంది. బొమ్మలు పైనుంచి కిందికి, వరుసలు వరుసలుగా. ఒక్కో వరుసా విప్పుతూ కథ చెప్తారు. ఈ మాత్రం పట్టించుకోనివాళ్లు ఆ పటం కోసమే హాలు కడతామని కూర్చున్నారు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

జనగామలోని ఒక చిన్న కళా మ్యూజియానికి ఆనుకుని కొత్త హాలు కట్టాలి. ఆ పని మా ఆర్కిటెక్ట్ సారుకు వచ్చింది. నక్షాలు గీసే ఉద్యోగం నాది. రేగొండ దగ్గర ఒక ముసలి కథకుడు తన పటాన్ని ఊరికే ఇస్తానన్నాడు. ఆయన తర్వాత ఆ కథ చెప్పేవాళ్లు లేరు. నలుగురూ చూసేలా పెడితే చాలన్నాడు.

నేను ఒక మూల కప్పును బాగా పైకి లేపి, పటం పొడవునా వేలాడేలా గీశాను. సారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. బయటి నుంచి చూస్తే బిల్డింగు అందం చెడుతుందట! కప్పు ఎత్తు పన్నెండడుగులే, గోడ పొడవు మాత్రం నలభై అడుగులు, దాని మీద పటం అడ్డంగా. ఆ నక్షా కూడా నాచేతే గీయించారు.

పటం తీసుకుని ఆ కథకుడు వచ్చిన రోజు, సారు కంప్యూటర్లో హాలు బొమ్మను గొప్పగా చూపించారు. ముసలాయన మెడ పక్కకు వంచి చూశాడు.

“గిదేంది సారూ, గిందరు పండుకున్నరు? రోగమేమన్న వచ్చిందా?”

గదిలోని మ్యూజియం పెద్దమనుషులు నవ్వారు. మాటకు కాదు, యాసకు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అడ్డంగా వద్దంటే మూడు ముక్కలు చేసి పక్కపక్కన పెడదాం,” అన్నారు సారు, కేకు కోసినంత తేలిగ్గా.

“ఏడ కోస్తరు? మెడల కాడనా, నడుముల కాడనా?”

ఆయన పటం చుట్టుకుని, చంకన పెట్టుకుని, బస్టాండు దారి పట్టాడు. “డిజైన్ అంటే ఏమిటో ఆయనకు అర్థం కాలేదు,” అన్నారు సారు. ఎవరికి అర్థం కాలేదు? ముప్పై అడుగుల గుడ్డ ఎటు నిలబడుతుందో తెలియని చదువు ఎందుకసలు?

ఆరు నెలలు వెతికినా ఇంకో పటం దొరకలేదు. అప్పుడు సారు, తనకే తట్టినట్టు, “ఆ ఎత్తు కప్పు నక్షా తియ్యి,” అన్నారు. నేను దాన్ని పట్టుకుని ఆ పూటే రేగొండ బస్సెక్కాను.

ముసలాయన నక్షా మీద వేలు పెట్టి, కింది నుంచి పైదాకా పోనిచ్చాడు. “మంచిగున్నది,” అన్నాడు. నక్షా నా చేతికిస్తూ, “పటం లేదు బిడ్డా. నా ఎనక చెప్పెటోడు లేని పటం ఇంట్ల ఉంచొద్దు. కాళేశ్వరం పోయి గంగల ఇడిసిన,” అన్నాడు.

పని తీరిన పటాన్ని వాళ్లు అలాగే గోదావరిలో వదిలి సాగనంపుతారు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. సారును, నవ్విన పెద్దమనుషులను నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలాయన నక్షాను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“గిది ఎప్పుడు గీసినవ్ బిడ్డా?”

“మీరు రాకముందే.”

“గా దినం ఏడుండె?”

“నా ముందున్న ఫైల్లో.”

“మరి నాకెందుకు సూపియ్యలే బిడ్డా?”