సంత లేని రోజు

ఆ తెలివితక్కువ పని నాదే. మా జిల్లా మానసిక ఆరోగ్య విభాగాన్ని పునర్వ్యవస్థీకరించిన ఆ కొన్నేళ్లలో వ్యవస్థ ఎంత మారిందో చెప్పలేను గానీ, అవస్థలు మాత్రం పద్ధతి ప్రకారం పెరిగాయి. వాటిలో ఒకటి నేను స్వయంగా తయారుచేసింది.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో సామాజిక కార్యకర్తగా చేరిన నేను, అప్పటికి ఆ విభాగాన్ని నడిపే కుర్చీలోకి వచ్చాను. రాజురాలో మా క్లినిక్ వారానికి ఒక్కరోజు, సరిగ్గా సంత రోజున జరిగేది. బయట ఉల్లిగడ్డల కేకల వల్ల లోపల డాక్టరు ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడగాల్సి వచ్చేది. మనసు విప్పాలంటే నిశ్శబ్దం కావాలని నేను చదువుకున్నాను. క్లినిక్‌ను బుధవారానికి మార్చాలని మూడు పేజీల నివేదిక రాశాను. సంత వద్దన్నది పూర్తిగా నా సొంత బుద్ధి. పై అధికారికి అది ఎంత నచ్చిందంటే, జిల్లాలో ఏ క్లినిక్కూ సంత రోజున పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చేశారు.

నిశ్శబ్దం వచ్చింది. రోగులు రాలేదు.

నెల తర్వాత అదే సంతలో వంకాయలు ఏరుతుంటే, తెలుగువాళ్ల ఊరు లక్కడ్‌కోట్ నుంచి మా దగ్గరికి వచ్చే ఒకామె పక్కన నిలబడి, వంకాయలతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. ఆమె భర్త మా మందులతో రెండేళ్లుగా బాగున్నాడు, తన పత్తి చేను తనే చూసుకుంటున్నాడు. మందుల సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. అవి ఆగినప్పుడు మాత్రం నిద్రపోడు, రోడ్డు పట్టుకొని నడిచిపోతాడు.

“గోలీలు ఐదు రోజులకే ఉన్నయి సారూ. మీ దవాఖాన గదికి తాళమున్నది.”

“ఇప్పుడు బుధవారం రావాలమ్మా.”

“బుధవారం బస్సెక్కితే ఎటు, ఎందుకు, ఎవలికేమైంది అని ఊరంత అడుగుతది. సంత రోజు ఎవలడుగుతరు? సంచి పట్టుకుంటె అయిపాయె. గింత సదువుకున్నరు, గిది తెల్వదా?”

తెలియదు. ఆ రోజుకు అక్కడి ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో మందులు రాయించి పంపాను గానీ, అవి నెలకు మించి రావు.

మర్నాడు అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా నివేదికే తీసి నాకు చదివి వినిపించారు.

“ప్రశాంత వాతావరణం అని రాసింది మీరే కదా?”

నేనే. కింద గీత కూడా గీశాను.

“అయితే ఒక్క బుధవారం లక్కడ్‌కోట్ నుంచి రాజురాకు బస్సులో వద్దాం సార్” అన్నాను. బస్సులో ఏముంటుందని ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఊరిదాకా జీపులో వెళ్లి, జీపును వెనక్కి పంపేశాం.

ఆ ప్రయాణం ముగిసిన రెండో రోజున ఉత్తర్వు రద్దయింది. సంత రోజు క్లినిక్ మళ్లీ తెరిచాం. లక్కడ్‌కోట్ ఆమె సంచితో వచ్చి, మందుల మీద మెంతికూర కప్పుకొని వెళ్లింది. ఇది ఉద్యోగ ధర్మం. అధికారి మీద నా కక్ష మాత్రం అంతకుముందే, బస్సులోనే తీరింది.

మా ముందు సీట్లో కూర్చున్న ముసలామె వెనక్కి తిరిగి, ఎటు పోతున్నారని అడిగింది. చంద్రపూర్ పట్నంలోని తుకుం పేటలో పుట్టి పెరిగిన మా అధికారికి తెలుగు రాదు. ఆమె ప్రశ్నను నేను ఆయనకు మరాఠీలో చెప్పాను. ఆయన నిజాయితీపరుడు, దవాఖానాకని చెప్పారు.

“బీమారి ఎవలికి? నీకేనా బిడ్డా?”

చెప్పాను.

“చూస్తె మంచిగనే ఉన్నవు. లోపటిదా?”

అదీ ఆయనకు మరాఠీలో చెప్పాను. ఆయన కిటికీలోంచి పత్తిచేలు చూడసాగారు. బస్సు మొత్తం మాటలు ఆపేసింది.

“నిద్ర పడ్తలేదా? ఇంట్ల ఆమె ఉన్నదా, పుట్టింటికి వోయిందా?”

మాట మార్చకుండా అనువదించాను. ఆయన వినబడలేదన్నారు. ఇంకాస్త గట్టిగా, వెనక సీటు దాకా వినబడేలా, మళ్లీ చెప్పాను.