ఝరాసంగం చేలో దిగిన విమానం

నాలుగేళ్ల కిందట, ఫిబ్రవరిలో, హైదరాబాదులోని ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చీఫ్ ఇన్‌స్ట్రక్టరుగా ఉన్నాను. శిరీష అనే విద్యార్థినిని ఒంటరి దూరప్రయాణానికి పంపాలి. లైసెన్సు కావాలంటే పక్కన ఎవరూ లేకుండా ఒక ఊరికి ఎగిరి, దిగి, తిరిగి రావాల్సిందే. నాది జహీరాబాద్ పక్కన కోహీర్ కాబట్టి, నాకు తెలిసిన ఆ వైపుగానే కలబురగికి దారి వేశాను.

శిక్షణలో జీపీఎస్ చూడనివ్వను. తొలితరం వైమానికులు రేడియో కూడా లేకుండా మ్యాపు, దిక్సూచి, గడియారం నమ్ముకుని ఒంటరిగా సముద్రాలు దాటారు, మీకు ఈ కాస్త దూరానికి ఆటబొమ్మలెందుకని గదమాయించేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ రోజు శిరీష వేళకు కలబురగి చేరలేదు. అరగంట దాటాక కంట్రోలు టవరు 'అనిశ్చిత దశ' ప్రకటించింది. గాలింపుకు అది తొలి మెట్టు. రేడియోలో ఎన్నిసార్లు పిలిచినా జవాబు లేదు. వాళ్లమ్మకు ఏమని చెప్పాలో తోచలేదు.

అంతలో తెలియని నంబరు నుంచి ఫోను. ఎవరో పెద్దామె గొంతు.

"సారూ, ఫికర్ జెయ్యకున్రి. మీ బిడ్డ మా చేన్ల దిగింది. మంచిగనే ఉన్నది. చేతులు వణుకుతున్నయని నన్ను మాట్లాడుమన్నది."

ఏ ఊరని అడిగాను. జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం పక్కనేనట.

జీపులో వెళ్లాక సంగతి తెలిసింది. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతుంటే, ఇంజిన్ ఆగిపోకముందే దిగాలని శిరీష నిర్ణయించుకుంది. ముందుగా పైన చుట్టు తిరిగి నేలను చూసుకోవడం పద్ధతి. కింద కంది కోసిన చేను ఒకటి కనిపించింది, కానీ నిండా కట్టె కుప్పలు, మేకలు. చేను యజమానురాలు నర్సమ్మే నాకు ఫోను చేసింది.

"గద్దోలె మా మీదనే తిరుగుతుంటె, దిగనీకె జాగ దేవులాడుతున్నదని సమజైంది. అందరం కలిసి కుప్పలు గుంజేసినం, మేకలను తోలినం" అంది.

రెండో చుట్టుకు శిరీషకు నేల ఖాళీగా కనిపించింది. దిగింది.

నేను చేతులు జోడించాను. ఆ పిల్ల ప్రాణానికి వాళ్లందరికీ ఋణపడ్డాను. నర్సమ్మ మాత్రం "ముందుగాల రొట్టె తినున్రి" అంది.

ఆ ప్రయాణం లైసెన్సుకు లెక్కలోకి రాలేదు. శిరీష మళ్లీ ఒంటరిగా వెళ్లి, ఈసారి పూర్తి చేసుకొచ్చింది.

పాత వైమానికులు దిగిన పొలాలను ఎవరు ఖాళీ చేశారో నేను అంతకుముందు ఆలోచించలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మ్యాపు మీద గీత గీసిన ప్రతి విద్యార్థి చేతా ఆ గీత కింది ఊళ్ల పేర్లు పలికించాను. నోరు తిరగనివాళ్లను ఎగరనివ్వలేదు.