పచ్చరేకు కింద మల్లెలు

మా వీధిలో ఎవరింట్లో కరివేపాకు మొక్క బతకకపోయినా, మునగకొమ్మ చిగురెయ్యకపోయినా అందరూ మొదట అడిగే మాట ఒకటే ఉండేది. "రాజులమ్మ సేత పాతించేరా నేదా?" పాతించలేదంటే ఇక తప్పు మొక్కది కాదు, మనదే. ఆవిడ ఎండుపుల్ల గుచ్చినా వేరు పోసుకుంటుందని చోడవరంలో సగం ఊరు నమ్మింది. చెరకు నాటే రోజుల్లో దేవరాపల్లి నుంచి, చీడికాడ నుంచి రైతులు ఆటో కట్టించుకుని వచ్చేవారు. మొదటి చెరకు ముక్క ఆవిడ చేత నాటించి, చీర పెట్టి, మళ్లీ ఆటోలో దింపేవారు. మాడుగుల ఆసామి ఒకాయన హల్వా పొట్లం కూడా తెచ్చేవాడు. అందులో సగం నాకు వచ్చేది కాబట్టి ఆవిడ హస్తవాసి మీద నాకూ భక్తి ఎక్కువే.

నా పేరు దుర్గాదేవి. రాజులమ్మ వాళ్ల పెరటికి ఎదురుగా జాకెట్లు కుట్టుకుంటాను. నా నోరు మంచిది కాదంటారు. అననివ్వండి, ఈ సంగతి మంచినోటితో చెప్పడం నా వల్ల కాదు.

రాజులమ్మని నేను వరసకి వదినా అని పిలుస్తాను. ఆవిడకి చిన్నతనంలోనే తల్లి పోయింది. చంకలో తమ్ముడు రామ్మూర్తి. వాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టి, ముక్కు తుడిచి పెంచింది. తరవాత పెళ్లయింది, మొగుడు జబ్బు చేసి పోయాడు, పిల్లల్లేరు. మళ్లీ ఈ ఇంటికే వచ్చింది. తండ్రి పోతూ పోతూ ఇల్లు కొడుక్కిచ్చి, రోడ్డు పక్క పెరడు కూతురి పేర రాశాడు. ఆ పెరడంతా వదిన మల్లె వేసింది. తెల్లారేసరికి మొగ్గలు కోసేది, మధ్యాహ్నం మాలలు కట్టేది, సాయంత్రం బస్టాండు దగ్గర గంపతో కూర్చునేది. ఆ మల్లెలు అమ్మే రామ్మూర్తిని బీఎస్సీ బోటనీ చదివించింది. బోటనీ అంటే మొక్కల చదువు, గుర్తుపెట్టుకోండి. ఆ చదువు పేరు చెప్పుకునే వాడు ఎరువులు, పురుగుమందుల కొట్టు పెట్టాడు.

కొట్టు పెరిగింది, సరుకు పెట్టుకోడానికి గోడౌన్ కావాల్సి వచ్చింది. పెరటి మీద కన్ను పడింది. అడిగాడు.

"నాను పోయాక నీదే కదరా. అందాకా ఉండనీ. నా కూడు ఇదేరా నాయనా" అంది వదిన.

వాడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. వాళ్లు ఎప్పుడో ఒకసారి న్యాయం చెబుతారు, ఆ రోజు చెప్పారు. పెరడు ఆవిడది. ఆవిడ మొక్క మీద వాడు చెయ్యి వెయ్యకూడదు. బోరు నీళ్లు ఆపకూడదు. రామ్మూర్తి లేచి అందరికీ దణ్ణం పెట్టాడు.

"అక్క మొక్క మీద సెయ్యేస్తానేటి బాబూ? నాకు అమ్మలాటిది" అన్నాడు. ఆ మాట తు.చ. తప్పకుండా నిలబెట్టుకున్నాడు, దుర్మార్గుడు.

ఆ వేసవిలోనే వదిన పెరట్లో మాలలు కడుతూ ఎండదెబ్బకి పడిపోయింది. రామ్మూర్తి పరుగెత్తుకొచ్చి, ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళ్లాడు. వీధి వీధంతా వినేలా ఏడ్చాడు. "ఈ ఎండలో సచ్చిపోతావే అక్కా! నాకెవరున్నారే నువ్వు తప్ప?" నాలుగు రోజులు గడవకుండా ఇనప స్తంభాలు పాతించి, పెరడంతా కప్పేలా ఆకుపచ్చ ఫైబర్ రేకులు వేయించేశాడు. ఖర్చంతా వాడిదే.

"పచ్చవెందుకురా?" అని అడిగింది వదిన, లోపల్లోపల పొంగిపోతూనే.

"నర్సరీల్లో పచ్చగుడ్డే కదే కడతారు? మొక్కకి పచ్చే మంచిది. సదువుకున్నోడిని, నాకు తెల్దేటి?"

నేనూ వెళ్లి చూశాను. నీడలా లేదు, వెలుగుగానే ఉంది. సూదిలో దారం ఎక్కించొచ్చు. కాకపోతే అంతా పచ్చటి వెలుగు. నా తెల్లచీర కూడా ఆకుపచ్చైపోయింది. పూలు కొన్నవాళ్లకీ కొననివాళ్లకీ వదిన ఒకటే కథ చెప్పేది. "నా తమ్ముడు ఏయించేడు. నానడగనేదు, ఆడే ఏయించేడు."

వానలకి రెమ్మలు బారెడు బారెడు సాగాయి. ఎంత ఏపుగా ఎదిగాయో అని మురిసిపోయింది. మళ్లీ వేసవి వచ్చేసరికి మొగ్గలు దోసెడు రాలేదు. వచ్చినవి కూడా బియ్యపుగింజల్లా ఉన్నాయి. రామ్మూర్తి బండితో గెత్తం, అదే పశువుల ఎరువు, తోలించాడు. కొట్లోంచి మందు డబ్బాలు తెచ్చిచ్చాడు. "ఏటి కావాలన్నా అడుగక్కా" అన్నాడు. పెరుగుతున్న చంటిపిల్లకి చూసినట్టు వదిన వాటికి అన్నీ చూసింది. నీళ్లు, గెత్తం, చెక్కపిండి, దిష్టి తీయడం. ఆ పై ఏడు పూలే లేవు. తమ్ముడంటే ఇలా ఉండాలని వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

కొట్టుకి వచ్చే రైతులు మామూలుగానే అడిగేవారు, ముక్క నాటడానికి అక్కని పంపుతావా అని. వాడు యూరియా బస్తా దించుతూ నిట్టూర్చేవాడు. "నాను సెప్పకూడదు గానీ బాబూ, అక్క సెయ్యి ఇప్పుడు అలగ నేదు. తన పెరట్లోనే పువ్వు పుయ్యట్లేదు." అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అక్కర్లేదు కూడా.

ఆటోలు రావడం మానేశాయి. అంతకు ముందు ఏడు ఆవిడ చేత నాటించిన పెదబాబు అనే రైతు చెరక్కి ఎర్రకుళ్లు తగిలింది. ఆయన సరాసరి మా వీధికొచ్చి ఆవిడ గుమ్మం ముందు నిలబడి కేకలేశాడు.

"నీ సెయ్యి తగిలి నా మడి నాశనమైపోయింది! ఇంకెవల పొలంలోనూ అడుగెట్టకు!"

వదిన తన చేతుల కేసి చూసుకుంది. నేను మిషను మీంచి లేచి వాణ్ని నాలుగు దులిపాను, పోయాడు. ఆ తరవాతే పక్కింటి మంగాయమ్మ మనవడు పాకుతూ వస్తే వదిన ఎత్తుకోబోయింది. మంగాయమ్మ గబగబా వచ్చి పిల్లాణ్ని లాక్కుంది. ముఖం పక్కకి పెట్టుకుని వెళ్లిపోయింది. అప్పట్నించీ వదిన చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. నేను టీ ఇస్తే కూడా, "కింద పెట్టు దుర్గమ్మా, నా సెయ్యి తగలనీకు" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు నా అరుగు మీద మేమిద్దరం ఉన్నాం. రామ్మూర్తి కూతురు అశ్విని వచ్చింది. ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఆ గుంట చేతిలో పెరట్లోంచి తుంచుకొచ్చిన మల్లెరెమ్మ ఉంది. అసలైన ఎండలో చూస్తే ఆ ఆకులు పాలిపోయి పసుప్పచ్చగా ఉన్నాయి. పచ్చరేకు కింద అవన్నీ మాకు పచ్చగానే కనబడేవి.

"అత్తా, నీ సెయ్యి బాగానే ఉంది. ఆ రేకు తీయించెయ్యి" అంది.

"రేకేం చేసింది?" అన్నాను నేను.

"మొక్క తిండి మట్టిలోంచి రాదు పిన్నీ. ఆకే వండుకుంటాది. మట్టిలో వేరు నీళ్లు పంపుతాది, ఆకు గాలి పీలుస్తాది, ఎండ తగిలితే ఆ రెండూ కలిసి ఆకులో పంచదారవుతాది. దాంతోనే కొమ్మ, దాంతోనే మొగ్గ. గెత్తం ఎంత పోసినా ఎండ నేకపోతే ఏం నాభం? పెనం నిండా సెరుకురసం పోసి కింద మంటెట్టకపోతే బెల్లమవుతాదా?"

"ఎలుగుందిగా అక్కడ?" అంది వదిన.

"పచ్చ ఎలుగత్తా అది. ఆకు ఎర్ర ఎలుగుని, నీలం ఎలుగుని బాగా పట్టుకుంటాది. పచ్చది పెద్దగా పట్టుకోదు, ఎనక్కి తోసేస్తాది. అందుకే ఆకు మనకి పచ్చగా కనపడతాది. ఆ రేకు పనికొచ్చే ఎలుగంతా ఆపేసి, పనికిరానిదే లోనికి పంపుతంది. నర్సరీ గుడ్డకైతే కన్నాలుంటాయి, తెల్ల ఎండ దిగుతాది. పగలు వండుకున్న కాస్తా బతకడానికే సరిపోతంది. మొగ్గకి మిగల్దు. మా మేడమ్ మొన్ననే సెప్పింది."

వెంటనే లేచాను. "పద వదినా, ఇప్పుడే ఆ రేకులు పీకించేద్దాం. వీధిలో అందరి ముందూ వాడి నోరు మూయిద్దాం!"

వదిన కదల్లేదు. కొంగులోంచి చెయ్యి తీసి రెమ్మ అందుకుని, ఆకులు తిప్పి చూసింది. తరవాత మేనకోడల్ని అడిగింది.

"ఈ సదువు మీ నాన్న సదివేడు కదే?"

అశ్విని తల దించుకుంది. దాని కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

"ఆడికి ఇది తెలుసునేటి?"

జవాబు నేను చెప్పాను. "తెలుసు! తెలిసే చేశాడు! నువ్వు తినిపించి పెంచిన పాము!"

"తప్పు దుర్గమ్మా, అలగనకు." వదిన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. "ఆడు నాకు నీడేసేడు. నానెండలో పడిపోతే మోసుకెళ్లేడు. ఏ తమ్ముడైనా అక్క కూడు పడగొడతాడేటి? ఆడు సెయ్యడు. నా సెయ్యే సెడిపోయింది. పిల్ల తెలిసీ తెలీక అంటంది." రెమ్మని అరుగు మీద పెట్టేసి, అశ్విని కళ్లు తుడవబోయి ఆగింది. చేతులు మళ్లీ కొంగులోకి పోయాయి. "ఇంట్లో ఈ మాట అనకే తల్లీ. నాన్న బాధపడతాడు."

నేను తిట్టాను, బతిమాలాను, రెండు రోజులు మాట్లాడ్డం మానేశాను. రామ్మూర్తి కొట్టుకెళ్లి మొహం మీదే అడిగాను. వాడు నవ్వి కుర్చీ వేశాడు. "అక్కకి నేని అనుమానం నీకెందుకు దుర్గక్కా?" అన్నాడు. ఆ కుర్చీలో కూర్చోకుండానే వచ్చేశాను.

పెరడు ఇచ్చేస్తానని ఆవిడే వాడికి చెప్పింది. నా చేతిలో ఉంటే నేల కూడా పాడైపోతుంది, నువ్వే తీసుకో అంది. రిజిస్ట్రేషన్ రోజు నన్ను తోడు రమ్మంది. వెళ్లకూడదనుకున్నాను, ఆవిడ ముఖం చూసి వెళ్లాను. రామ్మూర్తి తెల్లచొక్కా వేసుకొచ్చాడు. అక్కకి కొబ్బరినీళ్లు కొనిచ్చాడు.

ఆఫీసులో గుమాస్తా వేలిముద్రల మెషిను ముందుకి జరిపి, "బొటనవేలు పెట్టండమ్మా" అన్నాడు. వదిన కొంగులోంచి చెయ్యి తీసింది. మెషిను దాకా తీసుకెళ్లి, చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆఖరికి కళ్లు తెరుచుకున్నాయనుకున్నాను. నా ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. ముఖమంతా భయం.

"ఒరే రామ్మూర్తీ, నీ కాయితాల మీద నా సెయ్యెందుకురా? రేపు నీ కొట్టుకేటైనా అయితే నాను బతకనేనురా" అంది.

వాడు ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, వేలు మెషిను మీద ఆనించి నొక్కాడు.

"ఏటీ కాదే అక్కా" అన్నాడు.