ఎర్ర దారం కుట్టిన గలీబు

మా వైపు దిండును మెత్త అంటారు. దాని మీద తొడిగే గుడ్డ గలీబు. ఇప్పటికీ ఎప్పుడైనా వీధిలో దూదేకే విల్లు టంగుమని మోగితే నేను లేచి తలుపు మూసేస్తాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

మాది దేవరకొండకు ఆరు మైళ్ల దూరంలో మెట్ట ఊరు. జొన్న, ఆముదం, ఒక గొర్రెల మంద. ఇంట్లో మెత్తలు నాలుగే ఉండేవి. వాటి మీద పెత్తనమంతా మా అవ్వది, అంటే మేం బాపు అని పిలిచే నాన్న తల్లిది. ఎండాకాలంలో వారానికోసారి వాటిని ఊరవతలి బండ మీద పరిచి, కట్టెతో కొట్టి, మధ్యాహ్నానికి తిరగేయాలి. గలీబులను చౌడు మట్టి కలిపిన నీళ్లలో ఉడకబెట్టి బాయి దగ్గర బాదాలి. రెండేళ్లకోసారి కుట్లు విప్పి, లోపలి దూది ఏకించి, కొత్త దూది కొంత కలిపి మళ్లీ కుట్టాలి. మెత్త మీద కూర్చున్నా, కాలు తగిలినా అవ్వ వీపు చిట్లగొట్టేది. దెబ్బలు తిన్నదాన్ని నేనే కాబట్టి ఈ నియమాలన్నీ నాకు బాగా గుర్తు.

నాకు పదేళ్లున్నప్పుడు చలికాలంలో చిన్నాయన పోయాడు. బాపుకు తమ్ముడు, అవ్వకు కడగొట్టు కొడుకు. క్షయ. ఆ మాట ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, దగ్గు అనేవారు. చివరి రెండు నెలలు కొట్టం పక్క పంచలో ఆయన మంచం. అవ్వ పూటపూటకూ కర్పూరం కలిపిన నూనె ఆయన తలకు మర్దన చేసేది. ఆ నూనె తాగి తాగి ఆయన మెత్త పసుపురంగు తిరిగింది. హుజూర్‌నగర్ వైపు ఇచ్చిన మా అక్క చూడటానికి వచ్చి, పది రోజులుండి, ఆయనకు తన చేత్తో జొన్న గటక తినిపించింది. అప్పటికి అక్కకు నెల తప్పిన సంగతి ఆమెకు కూడా తెలియదు.

పోయినవాళ్ల పక్కబట్టలు మా దగ్గర ఇంట్లో ఉంచరు. బొంత, చాప, మెత్త మూటగట్టి పొలిమేర అవతల కాల్చేస్తారు. దవాఖాన కంపౌండరు కూడా బాపుకు అదే మాట గట్టిగా చెప్పి పంపాడు. మూట కట్టే పని అవ్వది. నేను అప్పుడు బెల్లం కోసం అటక మీదున్నాను. పైనుంచి చూస్తుంటే అవ్వ ఆ మెత్త కుట్లు పరపరా తెంపి, లోపలి దూదంతా ఒక పాత కాగులోకి కుక్కింది. ఖాళీ సంచిలో చీర పీలికలు నింపి, మళ్లీ కుట్టి, మూటలో పెట్టింది.

"అవ్వా, నాకు కనవడతలేదు అనుకుంటున్నవా?" అన్నాను. నాకు అదొక ఆటలా ఉంది.

ఆమె తలెత్తి చూసింది. ఆ ముఖం నాకు కొత్త.

"సూసినవా? సూస్తే సూసినవ్. మీ బాపుకు జెప్పినవంటే నేను బాయిల వడ్త."

మా అవ్వ ఉత్తుత్తి మాటలు ఆడే మనిషి కాదు. ఆ సాయంత్రం బాపు పీలికల మెత్తను కాల్చి, స్నానం చేసి ఇంటికొచ్చాడు. పీడ వదిలిందని అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను నోరు మెదపలేదు.

ఎండలు ముదిరేనాటికి అక్కను కాన్పుకు తీసుకొచ్చారు. తొలిచూలు. బాలింతకు కొత్త మెత్త ఉండాలని అమ్మ దూదేకే సాయిబును పిలిపించింది. ఆయన అరుగు మీద విల్లు వేలాడదీసి, కొత్త పత్తి ఏకడం మొదలుపెట్టాడు. అమ్మ అక్కను తీసుకుని లోపలికి వెళ్లగానే అవ్వ కాగు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"గిది గూడ జర ఏకు సాయిబూ."

ఆయన ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే కాగులో వేసేశాడు. చెయ్యి మట్టిలో రుద్దుకున్నాడు.

"పెద్దమ్మా, గిది పోయినోళ్ల మెత్తల దూది. నా విల్లుకు ముట్టియ్య. పొలిమేర దాటించు."

"నాదే, నా మెత్తదే," అంది అవ్వ.

"నీది గాదు," అన్నాడాయన. ఆ పని సగంలో ఆపి నీళ్లు తెమ్మని, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

అవ్వ మాత్రం పంతం వదల్లేదు. పొలం పనులకు అందరూ వెళ్లాక కూర్చుని ఆ దూదిని చేత్తో పోగు పోగుగా విడదీసింది. వారం పట్టింది. సాయిబు ఏకినదానికీ దీనికీ చెయ్యి పెట్టి నొక్కితే తేడా తెలియనంత సన్నగా విడదీసింది. అమ్మ అవ్వను ఒకే తాను నీలిచారల గుడ్డతో రెండు మెత్తలు కుట్టమంది, ఒకటి అక్కకు, ఒకటి అవ్వకు. అవ్వ తన మెత్తలో తన కొడుకు దూది నింపుకుంది. కలిసిపోకుండా తన గలీబు మూలకు ఎర్ర దారంతో అడ్డంగా నాలుగు కుట్లు వేసుకుంది.

"ఎర్ర దారముంటె అవ్వది. అక్కదానికి మారిపోనియ్యకు, తెలిసిందా?" అని నాకొక్కదానికే చెప్పింది. తెలిసిందన్నాను.

గుర్తు గలీబుకు వేసింది. మెత్తకు వేయలేదు. అంత తెలివిగల మనిషి ఆ ఒక్కటి ఎలా మరిచిందో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

కాన్పుకు ముందు ఇల్లంతా శుభ్రం చేస్తున్నాం. అవ్వ ఊళ్లోకి పోయిన పూట అమ్మ రెండు మెత్తల గలీబులూ ఊడదీసి నా చేతికిచ్చి, బాయికి వెళ్లి ఉతుక్కు రమ్మంది. మెత్తలను తానే బండ మీద ఎండలో వేసింది. నాకు ఆ రోజు కోపం ముక్కు మీదుంది. తోటిపిల్లలంతా అష్టాచెమ్మ ఆడుతుంటే నాకీ చాకిరీ. గలీబులు బాదాను, ఆరేశాను, ఎండిపోయిన రెండిటినీ భుజాన వేసుకుని బండ దగ్గరికి వెళ్లాను. రెండు నీలిచారల మెత్తలు పక్కపక్కనే ఉన్నాయి. చేతికి ఏది దొరికితే దానికి ఏ గలీబు దొరికితే అది తొడిగేశాను. రెండోది తొడిగాక గాని ఎర్ర దారం కంటపడలేదు.

మళ్లీ రెండూ ఊడదీశాను. ముఖం ఆనించి వాసన చూశాను. ఎండ వాసన, దుమ్ము వాసన, అంతే. నొక్కి చూశాను, ఎత్తి చూశాను. అమ్మ ఇంటి దగ్గరనుంచి కేక వేసింది. ఏదో ఒకటి తొడిగి తీసుకుపోయాను.

సాయంత్రం అక్క కొత్త మెత్త మీద తల పెట్టుకుని, "ఎంత మంచిగున్నదే," అని నా బుగ్గ గిల్లింది. అవ్వ తన మెత్త మీద పడుకుని గోడవైపు తిరిగింది. నేను ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాను. చెప్తే అవ్వ బాయిలో పడుతుంది. చెప్పకపోతే అక్క ఏమవుతుందో. తప్పడానికి సగమే అవకాశం కదా, సరిగ్గానే తొడిగి ఉంటానులే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పదేళ్ల పిల్లకు అంతకంటే ఏం తోస్తుంది?

వానాకాలంలో మగపిల్లవాడు పుట్టాడు. నెల తిరక్కముందే అక్కకు దగ్గు పట్టుకుంది. చల్లగాలి అన్నారు, పథ్యం చెడింది అన్నారు. అమ్మ మిరియాల కషాయం కాచింది. నేను రోజూ పొద్దున్నే లేచి అక్క దగ్గుతున్నదా లేదా అని విని, ఆ తర్వాత అవ్వ వైపు చూసేదాన్ని. అవ్వకు దగ్గు లేదు. ఒక్కరోజు కూడా లేదు. అవ్వ దగ్గితే బాగుండునని నేను కోరుకున్నాను. ఎంత పాపిష్టి కోరికో తెలిసే కోరుకున్నాను.

అక్క కొంగులో నెత్తురు చుక్కలు కనబడిన రోజు బాపు ఎడ్లబండి కట్టాడు. అప్పుడు చెప్పాను. వాకిట్లో నిలబడి, వెక్కివెక్కి ఏడుస్తూ, కాగు దగ్గరినుంచి గలీబుల దాకా అంతా చెప్పాను. బాపు నన్ను కొడతాడనుకున్నాను, కొట్టలేదు. రెండు మెత్తలూ చంకలో పెట్టుకుని పొలిమేరవైపు నడిచాడు. అవ్వ వెనకాలే నాలుగడుగులు వేసి, వాకిట్లోనే కూలబడింది. ఆ తర్వాతే బండి నల్లగొండకు కదిలింది.

అక్క తిరిగి రాలేదు. పిల్లవాడు మాకే మిగిలాడు.

పెద్దయ్యాక ఒక డాక్టరును అడిగాను. ఆ జబ్బు మెత్తల వల్ల రాదమ్మా, దగ్గరుండి సేవ చేసినప్పుడు గాలిలోనే అంటి ఉంటుంది అన్నాడు. ఆ పది రోజుల గటక గుర్తొచ్చింది. ఆ మాటకు నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఎందుకంటే అక్క పోయిన నెలకు అవ్వ నాతో అన్న మాట ఒకటుంది.

ఆ రోజు ఆమె పంచలో కాళ్లు చాపుకుని పిల్లవాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. నేను పక్కన కూర్చుని, నా వల్లనే అంతా అయిందని, గలీబులు నేనే మార్చానని మళ్లీ ఏడుపు మొదలుపెట్టాను. ఆమె నా తల నిమిరింది.

"ఊకో బిడ్డా. నువ్వు చెప్పకముందే నాకెరుక. గలీబులు ఉతికిన నాడే ఎరుక. ఆ పొద్దు పండుకోంగనె నా మెత్తల కర్పూరం వాసన లేకుండె."

ఏడుపు ఆగిపోయింది. "మరెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె మీ బాపు కాలవెడ్తడు గదా," అంది. "ఇంట్లనే ఉన్నది గదా అనుకున్న. మీ అక్క నీళ్లు పోసుకునేటందుకు లేస్తె, పోయి జరసేపు దాని మెత్త మీద తలవెట్టి వస్తుంటి."

నేను లేచి, ఆమె ఒళ్లోంచి పిల్లవాణ్ని తీసుకున్నాను.