ఎక్కుతున్నానండోయ్

మా తాత ఎవరెస్టు శిఖరం ఎనిమిదివందలసార్లు ఎక్కి దిగాడు. నమ్మనివాళ్ళు కాగితం తీసుకుని లెక్క వేసుకోవచ్చు. కొబ్బరిచెట్టుకి నలభై అడుగులు, రోజుకి నలభై చెట్లు, అలా నలభై ఏళ్ళు దింపు తీశాడు. అంటే చెట్టెక్కి, ముదిరిన గెలలు నరికి, కాయలు కిందికి దించాడు. ఇంటర్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి చదువు మానేసిన నేను వేసిన లెక్క కాబట్టి, ఓ యాభై ఎవరెస్టులు అటూ ఇటూ అయితే అవచ్చు. ఇంతకన్నా ఎత్తు ఎక్కినవాడు ఎక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. ఎక్కే ప్రతిసారీ ఊరందరికీ వినబడేలా చెప్పి మరీ ఎక్కినవాడు మాత్రం మా తాత ఒక్కడే.

"ఎక్కుతున్నానండోయ్."

చెట్టు మొదట్లో నిలబడి, కాళ్ళకి తాడు తగిలించుకుని, మెడ పైకెత్తి ఆ కేక వేస్తే మా ఊరు పలివెలలో వేసింది కొత్తపేటలో వినబడుతుందనేవారు. కాయలు ఎవరి నెత్తిమీదా పడకుండా హెచ్చరిక కాబోలని నేను అనుకునేదాన్ని. అంతవరకూ బాగానే ఉంది. అరవై మూడో ఏట మా అమ్మ బతిమాలి చెట్లు మాన్పించింది. కేక మాన్పించడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

బస్సు మెట్టు మీద కాలు పెట్టేముందు కేక. డాక్టరు గారి బల్ల ఎక్కేముందు కేక. మా పిన్ని కూతురి పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వేదిక ఎక్కుతూ కేక వేస్తే, తాళి కట్టబోతున్న పెళ్ళికొడుకు చేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఏవైందండీ?" అన్నారు పంతులు గారు.

"ఏం లేదండి. మీ పని మీరు కానివ్వండి. నేనెక్కుతున్నానంతే."

ఓసారి రాజమండ్రిలో బట్టల కొట్టుకి వెళ్ళాం. లిఫ్టు తలుపు తెరుచుకోగానే తాత ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం చూసి నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"తాతా, లిఫ్టులో మనం ఎక్కం. అదే ఎక్కుద్ది."

కాసేపు ఆలోచించాడు. సబబుగానే తోచినట్టుంది.

"ఎక్కుతుందండోయ్" అని కేక వేశాడు.

మా తాత పేరు తాతారావు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఆయన్ని అందరూ తాతా అనే పిలిచారట. అంత చిన్నప్పటి నుంచి పెద్దరికం మొయ్యడం వల్లనేమో, మనిషి గొంతు పెద్దదే గానీ మాటలు తక్కువ. పైనుంచి ఊళ్ళో దొడ్లన్నీ కనబడతాయి కదా అని మా అమ్మమ్మ రామలక్ష్మి అన్నం వడ్డిస్తూ కూపీ లాగేది.

"ఆ చివరింటి కోడలు దొడ్లో కూర్చుని ఏడ్చిందంట. నువ్వు అక్కడే చెట్టు మీదున్నావు కదా, చూడలేదా?"

"చూసేను."

"ఏం చూసేవు?"

"కొబ్బరికాయలు."

నలభై ఏళ్ళ కాపురంలో అమ్మమ్మకి దక్కిన ఊరి కబురు అదొక్కటే.

ఇక నా ఘనకార్యం. అమలాపురంలో ఇంటర్ చేరిన రోజు, హాస్టల్ గదిలో ఎవరింట్లో ఎవరేం చేస్తారో చెప్పుకుంటున్నారు. హేమ వాళ్ళ నాన్న బ్యాంకు మేనేజరు. ముమ్మిడివరం అమ్మాయి ప్రసన్నకుమారి వాళ్ళమ్మ హెడ్మిస్ట్రెస్. నా వంతు వచ్చింది. నాన్న లేడు. ఇంటికి పెద్ద తాతే.

"మా తాతది కొబ్బరి వ్యాపారం" అన్నాను.

అందులో కొబ్బరి నిజమే. ఆ తరవాత నేను చదువు మానేసి కొత్తపేటలో గాజుల కొట్లో కూర్చున్నాను. హేమ హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగంలో చేరింది, ప్రసన్న నర్సు అయింది. అయినా వాళ్ళు నన్ను వదల్లేదు. నేను ఆ అబద్ధాన్ని వదల్లేదు.

కిందటి అక్టోబరులో ముగ్గురం హిమాచల్ కొండల్లో వీపున సంచులేసుకుని అయిదురోజులు నడవాలని అనుకున్నాం. "మీ తాత వస్తే వెళ్ళు" అంది మా అమ్మ. రాడులే అని ఆవిడ ధీమా. తాత నన్ను పిలిచి అడిగాడు.

"ఎంతెత్తే రమ్యా?"

"పదమూడు వేల అడుగులు తాతా."

"పైన ఏం కాస్తాయి?"

"ఏం కాయవు. మంచే."

"ఏం కాయందానికి ఎందుకెక్కుతారే?" అని ఆశ్చర్యపోయి, వెళ్ళి సంచీ సర్దుకున్నాడు.

రైల్లోనే చెప్పాను. అక్కడ కేకలు వెయ్యకూడదు, నా పరువు పోతుంది అని. "ఆయ్" అన్నాడు. మా వైపు ఆయ్ అంటే విన్నానని. చేస్తానని కాదు. ఢిల్లీలో బస్సెక్కుతూ వేసిన కేకకి ముందు సీట్లో సర్దారు గారు లేచి నిలబడ్డారు.

కొండ మొదట్లో మా గైడు వీరేంద్ర కలిశాడు. ఆ ఊరివాడే, మాటకి ముందు నవ్వే మనిషి. మొదటి ఎత్తు దగ్గర తాత ఆగి, మెడ పైకెత్తి కేక వేశాడు. ఎదురు కొండ నుంచి "అండోయ్" అని తిరిగి వినబడింది. తాత అడుగు వెనక్కి వేశాడు.

"అటుపక్క కూడా ఎవరో ఎక్కుతున్నారే. మనవాళ్ళలాగే ఉన్నారు."

"అది నీ గొంతే తాతా."

ఆయన వినిపించుకోలేదు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని, "ముందు మీరు కానివ్వండి" అన్నాడు కొండతో. కొండ కూడా గోదావరి మర్యాద నేర్చినట్టు "కానివ్వండి" అంది. ఇద్దరూ ఇలా ఒకరినొకరు బతిమాలుకుంటూ ఉండగా మేం అక్కడ పావుగంట నిలబడ్డాం. హేమ నవ్వలేక కూలబడింది. నేను మాత్రం టోపీ కళ్ళమీదకి లాక్కుని, ఈయన మాతో రాలేదన్నట్టు ఓ దేవదారు చెట్టుని చూస్తూ నిలబడ్డాను.

ఎవరికి చెబుతున్నాడని వీరేంద్ర హిందీలో అడిగాడు. హేమ తెలుగులో అడిగింది.

"తాతగారూ, పైన ఎవరూ లేరు కదండీ. ఎవరికి చెప్తున్నారు?"

"ఎవరున్నారో చూడకముందే చెప్పాలమ్మా. చూసేక చెప్తే ఏం లాభం?"

హేమ దాన్ని హిందీలోకి మార్చింది. వీరేంద్ర చాలాసేపు తల ఊపాడు. ఏదో వేదాంతం అనుకున్నట్టున్నాడు.

ఆ సాయంత్రం గుడారంలో టీ తాగుతుండగా ప్రసన్న నా గుండె ఆగే మాట అడిగింది.

"తాతగారూ, మీ వ్యాపారం ఎలా ఉందండీ?"

తాత నా వంక చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను. అందులోనైనా దూకే వీలు లేదు.

"ఆయ్. ఎక్కడం దిగడం మామూలేనండి" అన్నాడు తాత.

"అవునండీ, రేట్లు అలాగే ఉంటున్నాయి. మీ దగ్గర పనివాళ్ళెంతమందండీ?"

"నేనొక్కణ్ణేనమ్మా. అన్నీ స్వయంగా చూసుకుంటేనే నాకు తృప్తి."

"ఎంత సింపులో చూడవే మీ తాతగారు" అంది ప్రసన్న నాతో. ఒక్క అబద్ధం ఆడకుండా నా అబద్ధాన్ని కాపాడాడు. నిజం చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నేను ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

రెండో రోజంతా తాతది ఒకటే ప్రశ్న, చివరెక్కడే అని. చెట్టెక్కినవాడు చిటారున ఉండే మొవ్వు ముట్టుకోకుండా దిగకూడదట. నలభై ఏళ్ళలో సగంలో దిగిన చెట్టు ఒక్కటీ లేదట. మూడో రోజు మధ్యాహ్నానికి ఆ పదమూడు వేల అడుగుల కనుమ మీదకి చేరతామని వీరేంద్ర చెప్పాడు. తాత బూట్లు రెండుసార్లు విప్పి రెండుసార్లు తొడుక్కున్నాడు. పాదాలకి గంతలు కట్టినట్టుందని ఆ బూట్లమీద ఆయనకి మొదటి నుంచీ కోపం.

మూడో రోజు పొద్దున్న లేచేసరికి మంచు పడి కొండంతా తెల్లగా ఉంది. ముందుకు పరిగెత్తొద్దని వీరేంద్ర చెప్పాడు. డిగ్రీలు లేకపోతేనేం, నడకలో మీకన్నా నేనే మేలని చూపించాలనిపించి నేను పరిగెత్తాను. ఓ మలుపు తిరిగానో లేదో కాలు జారింది. పదిహేను అడుగులు కూర్చున్నపళంగా జారి, దారి పక్కన పల్లంలో పెద్ద బండ వెనక ఆగాను. ఎముకలు విరగలేదు. అద్దెకి తెచ్చుకున్న ప్యాంటు మాత్రం నడుం నుంచి మోకాలి దాకా చిరిగింది. చలికి ఆగుతుందని లోపల అమ్మమ్మ పసుపచ్చ పూల లంగా కుక్కుకున్నాను. అదంతా బయటికొచ్చి ఆ తెల్లటి మంచులో జెండాలా ఎగురుతోంది. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు, కళ్ళు, లంగా, అన్నీ ఒకేసారి.

అంతలో పైన దారిలో బూట్ల చప్పుడు. హేమ నవ్వు. అందరికన్నా ముందు తాత ఉన్నాడు.

"ఎక్కుతున్నానండోయ్."

అక్కడ ఎక్కడానికి ఏమీ లేదు. దారి బల్లపరుపుగా ఉంది.

"ఎక్కుతున్నానండోయ్" మళ్ళీ. ఆ వెంటనే, "అమ్మా, ఆగండమ్మా. ఊపిరాడటం లేదు."

బండ అంచు నుంచి తొంగిచూశాను. దారికి అడ్డంగా, నాకు వీపు పెట్టి, కాళ్ళు బారజాపుకుని మంచులో కూర్చున్నాడు. ఆయన్ని దాటి ఒక్కరూ రాలేరు. అందరూ ఆయన చుట్టూ చేరారు. నేను ముఖం తుడుచుకున్నాను. లంగా లోపలికి కుక్కి, పైకోటు విప్పి నడుముకి చుట్టుకున్నాను.

కోటు చేతులు ముడి వేస్తుంటే నాకు లెక్క తేలింది. కాయలు పడతాయని హెచ్చరికైతే చెట్టు పైకెళ్ళాక అరవాలి. మా తాత ఎక్కకముందే అరిచేవాడు. ఆ రోజుల్లో దొడ్లో తాటాకు దడి చాటునే ఆడవాళ్ళ స్నానాలు. దడికి పైకప్పు ఉండదు. ఏడవాలన్నా ఆ చాటే. పైనుంచి ఒక మనిషి వస్తున్నాడు, సర్దుకోండమ్మా అని చెప్పడం అది.

నేనేదో పని మీద వెళ్ళినట్టు బండ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చాను. నన్నెవరూ పట్టించుకోలేదు. తాత అసలు నావైపే చూడలేదు. అక్కడ ఇంకో గొడవ మొదలైంది. వీరేంద్ర తాత వేలికి ఊపిరి కొలిచే యంత్రం తగిలించాడు. అంకె రాలేదు. ఇంకో వేలు. రాలేదు. పది వేళ్ళకీ పెట్టాడు. ఒక్కదానికీ రాలేదు.

ప్రసన్న ఆయన అరచెయ్యి తిప్పి చూసింది.

"చర్మం ఇంత మందంగా ఉందేంటండీ? ఈ కాయలేంటి?"

"త్రాసు పట్టుకుని పట్టుకునమ్మా" అన్నాడు తాత. "వ్యాపారం కదా."

కొబ్బరికాయలు తూచరని, లెక్కపెట్టి అమ్ముతారని కోనసీమలో పసిపిల్లలకి కూడా తెలుసు. ప్రసన్న నావైపు చూసింది.

ఊపిరాడటం లేదన్నవాళ్ళని పైకి తీసుకెళ్ళనని వీరేంద్ర తేల్చిచెప్పాడు. మా గుడారాల దగ్గరున్న వంటాయన వచ్చి కిందికి తీసుకెళ్తాడు, గుడారంలో పడుకోవాలి. హేమ చెప్పగానే తాత తల ఊపాడు.

"ఆయ్, అలాగేనండి. మీరెళ్ళి రండమ్మా. పిల్లని జాగ్రత్తగా చూసుకోండి."

లేచి, కనుమ వైపు ఒక్కసారి చూసి, కిందికి తిరిగాడు. సగంలో దిగిపోతున్న మొదటి చెట్టు. అదీ నా లంగా కోసం.

"ఆయనకి ఏం లేదే" అన్నాను. "ఊపిరాడకపోడం ఉత్తుత్తిదే. నేను అక్కడ జారిపడి ప్యాంటు చింపుకుని ఏడుస్తున్నాను. మీరు చూడకూడదని ఆపేడు. ఆ చేతులు త్రాసు పట్టుకున్నవి కావు. మా తాతకి వ్యాపారం లేదు. నలభై ఏళ్ళు కొబ్బరి దింపు తీసేడు. నేనే మీకు అబద్ధం చెప్పేను."

అంత మంచులో చెమట పట్టింది. హేమ మొత్తం వీరేంద్రకి హిందీలో చెప్పింది. లంగా సంగతితో సహా. ఆ ఒక్కటీ వదిలెయ్యచ్చు కదా.

వీరేంద్ర నమ్మలేదు. పక్కనున్న ఇరవై అడుగుల బండ చూపించి, ఎక్కి చూపించమన్నాడు. తాత ముందు ఆ బూట్లు విప్పి అవతల పడేశాడు. మేజోళ్ళు విప్పాడు. కేక వేశాడు. మేం ఊపిరి పీల్చుకునేలోగా పైన ఉన్నాడు, వదిలేలోగా కింద ఉన్నాడు.

"చాలాండీ? ఇంకోసారి ఎక్కమంటారా?"

వీరేంద్ర తన వేలికి యంత్రం పెట్టుకుని చూసుకున్నాడు.

హేమ నా నడుముకున్న కోటు ముడి బిగించింది. ప్రసన్న మాత్రం నన్ను దాటుకుని తాత దగ్గరికి వెళ్ళింది.

"తాతగారూ, మా ఇంట్లో పదకొండు చెట్లున్నాయండీ. రెండు నెలల్నించీ దింపుకి మనిషి దొరకడం లేదు. ముమ్మిడివరం వస్తారా?"

"ఆయ్, వస్తానండి" అన్నాడు తాత, మా అమ్మకి ఇచ్చిన మాట మర్చిపోయి. అంతకుముందెప్పుడూ ఆయన ముఖం అంతలా వెలగడం నేను చూడలేదు. నాతో మాత్రం ప్రసన్న సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఏడేళ్ళ అబద్ధానికి ఆరు గంటలు. చవకే.

మధ్యాహ్నం కనుమ మీద చివరకి గుర్తుగా పేర్చిన రాళ్ళ కుప్పని తాత అరచేత్తో ముట్టుకున్నాడు. నాలుగు వైపులా చూశాడు. ఎటు చూసినా తెల్లటి కొండలు తప్ప ఏమీ లేవు.

"ఒక్క దొడ్డీ కనబడదేంటే" అన్నాడు. "హాయిగా ఉంది."

దిగేటప్పుడు అందరినీ ముందుకి పోనిచ్చి నేను తాత పక్కన నడిచాను. నాకు అడగక తప్పలేదు.

"తాతా, నిన్ను వ్యాపారస్తుడివని చెప్పేనని కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"చెట్లెక్కేవాడివని చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. తప్పే."

తాత ఆగి, ఆ రోజు మొదటిసారి నావైపు సూటిగా చూశాడు.

"సిగ్గుపడితే పడ్డావు, చిన్నపిల్లవి. టీచర్ననో కండక్టర్ననో చెప్పలేకపోయేవా? నా జన్మంతా ఆ కొబ్బరి వర్తకులతో తగువులాడి చచ్చేను. పోయిపోయి నన్ను వాళ్ళలో కలుపుతావటే, బుద్ధిలేనిదానా."