పైలెట్ ముఖం కనిపించిన ఆదివారం

మొన్న సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా మనవరాలు నా మంచమ్మీద బోర్లా పడుకుని, అమ్మమ్మా నువ్వు అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన సినిమా ఏది అని అడిగింది. ఏ దేవుడి సినిమా పేరో, ఏ కన్నీళ్ళ కుటుంబకథ పేరో చెబుతాననుకుంది కాబోలు, మనుషులు రాకెట్టులో వేరే లోకానికి వెళ్ళే సినిమా అనేసరికి లేచి కూర్చుంది. వెంటనే ఫోనులో వెతికింది. తెలుగులో, ఇంగ్లీషులో, అక్షరాలు అటూ ఇటూ మార్చి కూడా వెతికి, చివరికి నా వైపు జాలిగా చూసి, "అమ్మమ్మా, అట్లాంటి మూవీయే లేదు. నువ్వు కలగాని కన్నావా?" అంది.

కలే అయితే ఆ కలని సికింద్రాబాదులో సగం మందిమి కలిసి కన్నాం. మీలో ఆ రోజుల్లో ఇక్కడ పెరిగినవాళ్ళుంటే మీకీపాటికే గుర్తొచ్చి ఉంటుంది. అందులో హీరో వేరే ఉన్నాడు, పెద్దవాడు, పేరున్నవాడు. కానీ మన ఊళ్ళో ఆ సినిమాని ఎవరూ ఆయన సినిమా అనలేదు. రాకెట్టు నడిపే కుర్రవాడి సినిమా అన్నారు. అతని అసలు పేరు కూడా మరిచిపోయి అందరం పైలెట్ అనే పిలుచుకున్నాం.

మా నాన్నగారు కోస్తా జిల్లా నుంచి వచ్చి రెజిమెంటల్ బజారులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం పెట్టారు. దుకాణం పైనే ఇల్లు. అమ్మకి ఆఖరి తమ్ముడు, మా చిన్నమామయ్య, బావగారికి దుకాణంలో చేదోడుగా ఉంటానని వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. ఆ చేదోడు ఎంతవరకో నాన్నగారికే తెలియాలి గాని, ఊళ్ళో ఏ హాల్లో ఏ సినిమా ఆడుతోందో మామయ్యని అడిగితే చాలు. మా మెట్ల కిందే కుట్టుమిషను వేసుకున్న టైలరన్న అతనికి ప్రాణస్నేహితుడు. ఆయనది తరతరాలుగా ఇక్కడి కుటుంబమే. ఒకరు "అట్లా కాదండీ" అంటే మరొకరు "గట్ల కాదు భాయ్" అంటూ పొద్దస్తమానం వాదించుకునేవాళ్ళు. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. వాళ్ళ వాదనలు వినడానికే పుస్తకం పట్టుకుని మెట్లమీద కూర్చునేదాన్ని.

పైలెట్‌ది మెట్టుగూడ. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మద్రాసు బండి ఎక్కకముందు ఆ అబ్బాయి చొక్కాలు కుట్టించుకోవడానికి మన టైలరన్న దగ్గరికే వచ్చేవాడట. సినిమా విడుదలయ్యాక టైలరన్న ఆ మాట చెప్పని మనిషి బజారులో మిగల్లేదు. "వాని భుజాలు నా టేపుకు తెలుసు" అని మీసం దువ్వేవాడు.

సినిమా గొప్పదని ఇప్పుడు నేను వాదించను. రాకెట్టు చూడబోతే ఇనప బీరువాని వెల్లకిలా పడుకోబెట్టినట్టుండేది. దాని లోపల మిణుకుమిణుకుమనే దీపాలు వినాయకచవితి పందిళ్ళకి మేము అమ్మే సీరియల్ బల్బులేనని నాన్నగారు మొదటి ఆటలోనే కనిపెట్టి, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. వేరే లోకంలోని కొండలు అట్టముక్కలని గాలికి అవి ఊగినప్పుడే తెలిసిపోయేది. అయినా ఆ కుర్రవాడు ఆ అట్టకొండల మధ్య నడుస్తుంటే అవి నిజం కొండలైపోయేవి. కాలు మోపేముందు ఒక్క క్షణం ఆగి, ఆ నేల తనని మోస్తుందో లేదో అన్నట్టు చూసి, అప్పుడు మోపేవాడు. అలా నడవమని ఎవరు నేర్పారో! చుట్టూ ఉన్నవన్నీ బొమ్మలేనని తెలిసి కూడా అతనొక్కడు వాటిని నమ్మాడు, అతన్ని చూసి మేం నమ్మాం.

కాకపోతే సినిమా పొడుగునా అతని తలకి చేపలతొట్టెలాంటి గాజుబుడ్డి ఉండేది. దానిమీద దీపాలు పడి మెరుస్తూ ముఖం సరిగా ఆనేది కాదు. ఒక్క సన్నివేశంలో మాత్రం రాకెట్టు గడగడ వణికిపోతూ ఉంటే, అతను ఆ బుడ్డి తీసి పక్కన పెట్టి, మోచేత్తో చెమట తుడుచుకుని, మిషనుమీద అరచెయ్యి ఆనించి, "జెర ఆగు" అంటాడు.

అంతే, హాలు బద్దలయ్యేది. ఈ కాలం పిల్లలకి అందులో ఏముందో చెప్పడం కష్టం. సినిమా హీరోలు పుస్తకాల తెలుగో, కృష్ణా గుంటూరు తెలుగో మాట్లాడే రోజులవి. ఇక్కడి మాట వినిపించిందంటే అది నౌకరు నోట, లేకపోతే నవ్వించేవాడి నోట. అటువంటిది, ఆకాశంలో రాకెట్టు నడిపే మనిషి ప్రాణంమీదికొచ్చిన వేళ మెట్టుగూడ మాట మాట్లాడాడు. సినిమా అంతా అందరిలాగే మాట్లాడినవాడు అక్కడొక్కచోట మరిచిపోయి అనేశాడో, కావాలనే అన్నాడో తెలియదు. మిగతా జిల్లాల్లో వారం తిరక్కుండా ఎత్తేసిన సినిమా మన ఊళ్ళో ఆడుతూనే ఉండింది. కోస్తా మనిషి మా మామయ్య కూడా ఆ మాటకి కుర్చీ ఎక్కి ఈల వేసేవాడు.

ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే అతను పోయాడు. మద్రాసులో కామెర్లొచ్చి, ఆసుపత్రిలో చేరిన కొద్ది రోజులకే. మామయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. టైలరన్న మిషనుమీద గుడ్డ కప్పేసి మెట్లమీద కూర్చున్నాడు. మగవాళ్ళు గనక వాళ్ళు బాహాటంగా ఏడ్చారు. ముక్కూముఖం తెలియని సినిమా నటుడి కోసం ఆడపిల్ల ఏడిస్తే ఏమనుకుంటారోనని నేను స్నానాలగదిలో పంపు విప్పుకుని ఏడ్చాను. అమ్మకి తెలిసింది.

అతని పుట్టినరోజు ఆదివారం రావడంతో, ఆ ఉదయం ఆ సినిమా ఒక్క ఆట వేయించాలని మామయ్య, టైలరన్న పట్టుబట్టారు. మామయ్య బెజవాడ పోయి, డిస్ట్రిబ్యూటరు గుమ్మంలో కూర్చుని, ప్రింటు సంపాదించుకొచ్చాడు. మ్యాట్నీ టైముకల్లా హాలు ఖాళీ చెయ్యాలనే షరతుమీద మేనేజరు ఒప్పుకున్నాడు. టైలరన్న నాటకాల రాజులకి వాడే జిగజిగలాడే వెండిగుడ్డ తెచ్చి అభిమానులందరికీ పైలెట్ దుస్తులు కుట్టాడు. అవి తొడుక్కుని బజారులో ఊరేగుతుంటే ఎండకి వాళ్ళు పడిన అవస్థ ఆ దేవుడికే ఎరుక.

అంతా సిద్ధమయ్యాక ఒక సంగతి తెలిసింది. పైలెట్ తల్లి ఆ సినిమా చూడనే లేదట! విడుదలైనప్పుడు భర్త పోయిన మైలలో ఉందట. ఆ తర్వాత కొడుకే వచ్చి తీసుకువెళతానన్నాడట. రాలేకపోయాడు. ఇప్పుడు టైలరన్న వెళ్ళి పిలిస్తే రానని చెప్పేసింది. అప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మెట్టుగూడ వెళ్ళింది. ఆవిడ మాకు చాప పరిచి, మంచినీళ్ళిచ్చి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"వాడే తీస్కపోత అన్నడమ్మా," అంది. "వాడు లేకుండ నేనెట్ల వోవాలె?"

అమ్మకి సినిమాల సంగతేమీ తెలియదు. ఆ క్షణంలో ఆమెకి ఎలా తోచిందో గాని, "మా తమ్ముడూ వాళ్ళూ వారాల తరబడి మీ అబ్బాయి పేరు చెప్పుకునే తిరుగుతున్నారండీ వదినగారూ. వీళ్ళని మీవాడే పంపాడనుకోండి," అంది. ఆవిడ కొంగు కళ్ళకద్దుకుని, ఏం పొద్దుకు రావాలె అని అడిగింది.

ఆ ఆదివారం హాలు కిక్కిరిసింది. మేడమీద బాల్కనీలో, నాకూ అమ్మకీ మధ్య ఆవిడని కూర్చోబెట్టాం. కొడుకు తెరమీదికి రాగానే కింద వెండిదుస్తులవాళ్ళు జేజేలు కొట్టారు. ఆవిడ ముందుకు వంగి కళ్ళు చికిలించి చూసి, నా చెవిలో, "గా గాజుబుడ్డి ఎప్పుడు తీస్తడు బిడ్డా?" అంది. తీస్తాడు పెద్దమ్మా, ఇంకాసేపట్లో తీస్తాడు అన్నాను. ఇంటర్వెల్లు అయింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.

రాకెట్టు వణకడం మొదలైంది. ఇదిగో ఇప్పుడే అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పైలెట్ చేతులు గాజుబుడ్డిమీదికి వెళ్ళాయో లేదో, మా ముందు వరసలన్నీ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాయి. ఈలలు, కేకలు, కాగితప్పూల వాన. నేను ముందున్నతని చొక్కా పట్టుకు లాగాను. అమ్మ, జన్మలో గొంతు ఎత్తని మా అమ్మ, కూర్చోండి బాబూ కూర్చోండి అని అరిచింది. ఎవరికి వినబడుతుంది? వాళ్ళు అలసి కూర్చునే సరికి తెరమీద అతను మళ్ళీ గాజుబుడ్డి పెట్టేసుకున్నాడు.

ఆవిడ ఇంకా అలాగే ముందుకు వంగి ఉంది. "వచ్చిండా బిడ్డా? పోయిండా?" అని అడిగింది.

సినిమా అయిపోయేదాకా తెరవైపు చూడలేకపోయాను. దీపాలు వెలగగానే మెట్లు దిగి, అంతమంది మగవాళ్ళని తోసుకుంటూ వెళ్ళి మామయ్యకి చెప్పాను. వెండిగుడ్డలో చెమటతో తడిసి, బొంగురుపోయిన గొంతుతో నవ్వుతున్నవాడల్లా పాలిపోయాడు. మేనేజరు దగ్గరికి పరుగెత్తి ఆ ఒక్క రీలూ మళ్ళీ వెయ్యమన్నాడు. మేనేజరు తలుపులవైపు చూపించి, "బయట మ్యాట్నీ పబ్లిక్ నిలబడ్డరు. నన్ను పరేషాన్ చెయ్యకు భాయ్," అన్నాడు. ఈ గొడవేమిటని తలుపుల దగ్గరున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. టైలరన్న వాళ్ళకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. వాళ్ళలోంచి ఎవరో పెద్దాయన, "వెయ్యిర్రి సాబ్. తల్లి గదా, మేం ఆగుతం," అన్నాడు. ఆ మాటకి మేనేజరు ఆపరేటరుకి కబురు పంపాడు.

మామయ్య తెర ముందుకెక్కి రెండు చేతులూ జోడించాడు. "మన పైలెట్ వాళ్ళమ్మగారు వచ్చారండీ. మనం గోలచేసి ఆవిడకి కొడుకు ముఖం కనబడకుండా చేశాం. ఈ ఒక్కసారికి కూర్చోండి. ఈల వెయ్యకండి," అన్నాడు.

నేను మళ్ళీ మేడమీదికి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. దీపాలు ఆరాయి. మ్యాట్నీకి వచ్చినవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. అంత నిండిన హాల్లో పంకాల చప్పుడు వినబడటం నేనెన్నడూ ఎరగను. రాకెట్టు వణికింది. అతను గాజుబుడ్డి తీశాడు. నుదుటికి అతుక్కున్న జుట్టు, చిన్నగా పగిలిన కిందిపెదవి, ఏదో చెప్పబోయి మానుకున్నట్టుండే ఆ కళ్ళు.

"బక్కగైండు," అంది ఆవిడ.

అతను మిషనుమీద చెయ్యి పెట్టి "జెర ఆగు" అన్నాడు. అన్నాక ఇంకో మాట కూడా అన్నాడు. మా ఈలల హోరులో ఇన్ని ఆటల్లోనూ మేమెవ్వరం వినని మాట. చాలా మెల్లిగా, పసిపిల్లవాడితో చెప్పినట్టు, "అయిపాయె, అయిపాయె" అన్నాడు. పక్కన ఆవిడ భుజం ఒక్కసారి అదిరింది.

మెట్లు దిగుతూ ఆవిడ అమ్మతో అంది: "చిన్నగున్నప్పుడు తలకు వోస్తుంటె సబ్బు కండ్లల్ల వడ్డదని ఒకటే ఏడుస్తుండె వదినా. నేను గట్లనే అంటుంటి." గుమ్మం దగ్గర రిక్షా ఎక్కబోతూ ఆగి, దండం పెట్టి నిలబడ్డ మామయ్య వెండిచొక్కా భుజం తడిమి చూసి, "మస్తు కుట్టిండ్రు. జెర చల్లగున్న గుడ్డ దొరకలేదా కొడుకా," అని నవ్వింది. మామయ్య అక్కడే, అందరి ముందూ, ఆవిడ చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి రాకపోకలుండేవి. నా పెళ్ళికి వచ్చి చీర పెట్టింది. ఇప్పుడు ఆమె లేదు, అమ్మ లేదు, మామయ్య కూడా పోయాడు. పాత రీళ్ళన్నీ ఎక్కడో కరిగించి పారేశారని విన్నాను. ఇప్పుడు హీరోలు మొదటినుంచి చివరిదాకా ఇక్కడి మాటే మాట్లాడుతున్నారు, సంతోషంగానే ఉంటుంది, కానీ విని ఎవరూ ఉలిక్కిపడరు. మన వీధిని ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఒళ్ళు జలదరించడం ఆ తరంతోనే సరి.

టైలరన్న మాత్రం ఉన్నాడు. ఏటా పైలెట్ పుట్టినరోజున వాళ్ళబ్బాయి ఆయన్ని కారులో యాప్రాల్‌లో మా ఇంటి దగ్గర దింపి వెళతాడు. చూడటానికి సినిమా లేదు గనక, చాయ్ ముందు పెట్టుకుని మొదటి సీనునుంచి ఒకరికొకరం చెప్పుకుంటాం. ఏ ఏడూ సాఫీగా సాగదు. గాజుబుడ్డి కుడిచేత్తో తీశాడని నేనంటాను, "కాదమ్మా, ఎడమ చెయ్యి. నాకెర్క లేదా?" అంటాడాయన. దుస్తులమీద జిప్పు ఉందంటాను, గుండీలంటాడు. తేల్చి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పొద్దువాలేదాకా వాదించుకుని, ఎవరి మాటమీద వాళ్ళం నిలబడి, లేస్తాం. మా ఇద్దరిలో ఒకరం వెళ్ళిపోయిన రోజున రెండోవారి మాటే నిజమైపోతుంది. అలా గెలవాలని మా ఇద్దరికీ లేదు.